సర్వీసు చేశాక కీ వాచీ ఆగిపోతుంటే

విడదీసి, కడిగి, నూనె పెట్టి బిగించిన వాచీ రెండు గంటలు నడిచి ఆగిందంటే చాలామంది చేయి నేరుగా నూనె సీసా మీదికి పోతుంది. వద్దు. ఆగినదాన్ని ఊపకండి, కీ కూడా తిప్పకండి. ఊపితే మళ్ళీ నడుస్తుంది, ఎక్కడ పట్టిందో చెప్పే ఆనవాలు చెరిగిపోతుంది. వెనక మూత తీసి భూతద్దం పెట్టి ఉన్నది ఉన్నట్టు చూడండి.

ఇక్కడ చెప్పేది హెచ్‌ఎంటీ పైలట్ లాంటి 17 రాళ్ళ (జ్యువెల్స్), గంటకు 18,000 బీట్ల (టిక్కుల) కీ వాచీల గురించి.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: స్ప్రింగు బలం పాలెట్ (ఊగే చక్రమైన బ్యాలెన్స్‌ను తట్టే చిన్న ఫోర్కు) దాకా వస్తోందా, లేదా? కీ ఉండగానే బ్యాలెన్స్‌ను, దాన్ని పట్టి ఉంచే బ్రిడ్జితో సహా జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి. పాలెట్ ఫోర్కును సన్నటి సూదితో కొంచెం నెట్టండి. మిగతా దూరం దానంతటదే టక్కున దూకితే చక్రాలు బాగున్నట్టే, తప్పు చాలావరకు బ్యాలెన్స్ వైపు ఉంది. నెట్టిన చోటే చచ్చుగా నిలబడితే బలం దారిలో ఎక్కడో ఆగిపోతోంది.

దారిలో ఆగితే పాలెట్ తీయాలి. కానీ కీ ఉండగా పాలెట్ విప్పొద్దు. స్ప్రింగు ఒక్కసారిగా విడిపోయి చక్రాలు గిర్రున తిరిగితే పివట్లు (ఇరుసుల సన్నటి కొనలు) విరుగుతాయి. క్రౌన్‌ను (కీ తిప్పే బుడిపె) వేళ్ళతో పట్టుకుని, క్లిక్ (స్ప్రింగు వెనక్కి విడిపోకుండా ఆపే కొక్కెం) పక్కకు జరిపి, స్ప్రింగును మెల్లగా వదలండి. ఆ తర్వాత పాలెట్ తీసి, క్రౌన్‌ను కొద్దిగా తిప్పండి. చక్రాలు సాఫీగా తిరిగి, చివర్లో ఎస్కేప్ వీల్ (పాలెట్‌ను నెట్టే చివరి చక్రం) కాస్త వెనక్కి తిరగాలి. వెనక్కి రాకుండా ఠక్కున నిలిచిపోతే పళ్ళ మధ్య పీచో నలుసో ఉంది, లేదా పివట్ వంగింది, లేదా బ్రిడ్జి కింద చక్రం బిగుసుకుంది. ట్వీజర్‌తో ఒక్కో చక్రాన్ని పైకి లేపి చూడండి. కంటికి ఆనేంత ఆట (వదులు), సుమారు 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్లు, ఉండాలి. పివట్లు రాళ్ళలో కూర్చోకముందే స్క్రూ బిగించడం వల్లే ఎక్కువగా ఇవి వంగుతాయి.

ఎక్కడ పట్టుకుంటోందో గడియారం తానే చెబుతుంది. ఆగిన ప్రతిసారీ సెకన్ల ముల్లు ఒకే చోట ఉంటే ఫోర్త్ వీల్, నిమిషాల ముల్లు ఒకే చోట ఉంటే సెంటర్ వీల్ లేదా ముళ్ళ రాపిడి. ఎస్కేప్ వీల్ చుట్టు తిరగడానికి 6 సెకన్లే కాబట్టి దాని పన్ను చెడితే నడక నిమిషంలోపే తడబడుతుంది. డయల్, ముళ్ళు తీసేస్తే నడిచి, పెడితే ఆగుతోందంటే మూవ్‌మెంటును విప్పే పనే లేదు. ముళ్ళు ఒకదానికొకటి, డయల్‌కు, అద్దానికి తగలకుండా సరిచేస్తే చాలు.

బ్యాలెన్స్ వైపు తప్పయితే, పాలెట్ లేకుండా బ్యాలెన్స్ ఒక్కదాన్నే బిగించి నెమ్మదిగా ఊదండి. చాలాసేపు ఊగి నిదానంగా ఆగాలి. వెంటనే ఆగితే పివట్, రాయి, హెయిర్ స్ప్రింగు (బ్యాలెన్స్‌ను ఊపే సన్నటి చుట్ట) వరసగా చూడండి. డయల్ పైకి ఉంటే నడిచి, కిందికి తిప్పితే ఆగుతుంటే ఒక వైపు పివట్‌లోనో, షాక్ రాయి (దెబ్బ తగిలితే కదిలేలా సన్నటి స్ప్రింగుతో పట్టి ఉంచే రాయి) సరిగా కూర్చోకపోవడంలోనో తప్పుంటుంది. బ్యాలెన్స్ ఒక పక్కకే వాలి నిలిచిపోతే ఇంపల్స్ రాయి (బ్యాలెన్స్‌కు ఉండి ఫోర్కు గాడిలో పడే రాయి) ఫోర్కు కొమ్ము అవతల పడిందేమో చూడండి. కొత్తగా బిగించిన వాచీల్లో ఇది తరచూ జరిగే పొరపాటు.

కడగడంలో వచ్చే తప్పుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బంకు పెట్రోలు ఆరాక పొర మిగులుతుంది. పైగా నిప్పు భయం. చివరి కడుగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మంచిదే గానీ, పాలెట్ రాళ్ళను, ఇంపల్స్ రాయిని పట్టి ఉంచేది లక్క. ఆల్కహాల్‌లో నానబెడితే లక్క కరిగి రాయి కదిలిపోతుంది. ఆ రెండు భాగాలను అందులో వదిలేయకండి.

నూనె ఎక్కువైనా ఆగుతుంది. పాలెట్ పివట్లకు నూనె అసలు పెట్టకూడదు. ఫోర్కు గాడికీ, ఇంపల్స్ రాయికీ అంతే. బ్యాలెన్స్ టోపీ రాళ్ళ (పివట్ కొనను కప్పే రాళ్ళ) మీద చుక్క రాయి వెడల్పులో సగానికి కాస్త మించితే చాలు. హెయిర్ స్ప్రింగు చుట్టలు నూనెతోనో, స్పీకర్ దగ్గర పెట్టి అయస్కాంతం పట్టడంతోనో అతుక్కుంటే వాచీ బాగా ముందుకు పోతుంది.

మన దగ్గర మరో రెండు చూడాలి. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్ళలో వాడిన వాచీలకు ఉప్పుగాలి స్టెమ్ (క్రౌన్ కడ్డీ), క్లిక్ స్ప్రింగుల దగ్గర తుప్పు పట్టిస్తుంది. ఆ పొట్టు రాలి చక్రాల్లో పడుతుంది. చీమకుర్తి గ్రానైటు పనుల్లో తిరిగిన వాచీల్లో సన్నటి రాతిపొడి ఉంటుంది. నూనెతో కలిస్తే పివట్లను అరగదీస్తుంది. ఇలాంటివి వస్తే రబ్బరు గాస్కెట్టు మార్చకుండా మూత వేయొద్దు. నూనె పెట్టే వేళ ఫ్యాను కట్టేయండి.

మూత వేశాక పూర్తి కీ ఇచ్చి డయల్ పైకి, కిందికి, క్రౌన్ కిందికి పెట్టి, ఒక్కో స్థితిలో ఒక్కో రోజు నడిపించండి. టైమింగ్ యంత్రం ఉంటే పూర్తి కీతో, డయల్ పైకి ఉండగా బ్యాలెన్స్ ఊపు 250 డిగ్రీలు దాటాలి. నిలువుగా పెట్టినప్పుడు 200 కంటే తగ్గుతోందంటే ఎక్కడో రాపిడి ఇంకా మిగిలే ఉంది. గిరాకీకి ఇవ్వకుండా పాలెట్ పరీక్ష నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.