పాత బుల్లెట్‌కి కొత్త జెట్లు

నాన్న 1998లో నెల్లూరులో కొన్న బుల్లెట్ 350ని చెన్నై తెచ్చుకున్న కొత్తలో, ఒక మెకానిక్ పూడుకుపోయిన పైలట్ జెట్‌లో ఇనప తీగ దూర్చి బాగుచేశాడు. జెట్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌లో, పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ముక్క. బండి ఆగి ఇంజిన్ మాత్రం నడిచేటప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో, పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్. బండి స్టార్ట్ అయింది. కానీ ఆ రోజు నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, నల్లపొగ, పెట్రోల్ వాసన. జెట్ ఇత్తడిది. తీగ గీరితే రంధ్రం పెద్దదవుతుంది, ఇక దాన్ని చిన్నది చేయలేం. పూడితే కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టండి. అప్పటికీ వదలకపోతే కొత్తది వేయాల్సిందే.

పాత జెట్లను చిన్న డబ్బాలో వేసుకుని, చెన్నైలో బండ్ల స్పేర్ పార్ట్స్ దొరికే పుదుపేట వెళ్లండి. జెట్ మీద నంబర్ ఉంటుంది. నంబర్ పెరిగితే రంధ్రం పెద్దది. నంబర్ ఒక్కటే చూడకండి, జెట్ మీది మరలు (థ్రెడ్లు) కూడా పాతదానితో పోల్చండి. వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, నున్నగా కనిపించాలి.

ఇంజిన్ చల్లారాకే పని మొదలుపెట్టాలి. చుట్టుపక్కల దీపం, సిగరెట్ ఏదీ ఉండకూడదు. ట్యాంకు కింది పెట్రోల్ కాక్ కట్టేసి, పైపు ఊడదీయండి. కార్బురేటర్ పైమూత తిప్పితే స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క), దానికి ఉండే నీడిల్ (సూది) రెండూ కేబుల్‌తో పాటే బయటికొస్తాయి. వాటిని శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. తర్వాత కార్బురేటర్ దించి, అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, ఫ్లోట్ బౌల్, స్క్రూలు విప్పండి. మధ్యలో ఉండేది ఫుల్ యాక్సిలరేటర్‌లో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్, పక్కన లోతుగా ఉండేది పైలట్. గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, జారిందంటే ఇత్తడి తల చెడుతుంది. కొత్త జెట్‌ని ముందు వేళ్లతో తిప్పి, చివర్లో కొంచెమే బిగించండి.

బిగించేటప్పుడు నాకు టెన్షన్ పెట్టేది స్లైడ్ ఒక్కటే. దాని గాడి కార్బురేటర్ లోపలి పిన్ను మీద కూర్చోకపోతే యాక్సిలరేటర్ తెరుచుకుని అలాగే ఉండిపోవచ్చు. కిక్ కొట్టకముందే తిప్పి వదలండి, టక్కుమని వెనక్కి రావాలి.

ఐడ్లింగ్‌లో గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూని మెత్తగా ఆనేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. ఇంజిన్ వేడెక్కాక అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఐడ్లింగ్ నిలకడగా ఉండే చోట ఆపండి.

మెయిన్ జెట్ సంగతి ఖాళీ రోడ్డు మీదే తేలుతుంది. నేను తెల్లవారుజామున ఎన్నూరు వైపు వెళ్లాను. ఫుల్ యాక్సిలరేటర్‌లో కాసేపు పోనిచ్చి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, బండి ఆగాక స్పార్క్ ప్లగ్ విప్పి చూశాను. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు, నల్లమసి పడితే ఎక్కువైనట్టు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానిలోనే ఆక్సిజన్ ఉండడంతో పాత జెట్‌కి పెట్రోల్, గాలి మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోల్ చాలదు. నా ప్లగ్ తెల్లగా కనిపించింది. మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచాక లేత కాఫీ రంగుకొచ్చింది. రెండు సైజులు ఒకేసారి పెంచకండి.

వారం పైన ఊరెళ్తుంటే, కాక్ కట్టి బండి దానంతటదే ఆగిపోయేదాకా ఐడ్లింగ్‌లో వదిలేయండి. బౌల్‌లో పెట్రోల్ నిలవ ఉంటే మళ్లీ ముందు పూడేది పైలట్ జెట్టే.