చేతిలోని యుద్ధరంగం – 3వ పాఠం: శత్రువు వంతును లెక్కపెట్టడం

మనమూ శత్రువూ వంతులవారీగా గళ్ల మీద సైనికులను నడిపే ఫైర్ ఎంబ్లెమ్ వంటి యుద్ధపు ఆటలను, గత పాఠం చివర చెప్పినట్టు ఆడి చూసినవారికి ఒక చేదు అనుభవం ఎదురై ఉంటుంది. మన వంతులో ఇద్దరు ముగ్గురు శత్రువులను పడగొట్టి, ఇక ఈ అధ్యాయం మనదేనని నిశ్చింతగా వంతు ముగించిన మరుక్షణమే, తెర మీద అసలు కనబడని ఒక గుర్రపురౌతు ఎక్కడినుంచో వచ్చి మన వైద్యురాలి మీద పడతాడు. ఈ ఆటల్లో పడిపోయిన పాత్ర మామూలుగా తిరిగి రాదు. ఆమె లేకుండానే కథ ముందుకు నడుస్తుంది, లేదా అధ్యాయం మొత్తం మళ్లీ మొదటినుంచి ఆడవలసి వస్తుంది.

నాకు ఈ పాఠం కడప నుంచి జమ్మలమడుగు వెళ్లే బస్సులో బోధపడింది. యర్రగుంట్ల దాటాక, రెండు గంటల ఆట ఒక్క వంతులో చేజారింది. అప్పుడు నన్ను ఓడించిన రౌతు అసాధ్యుడేమీ కాదు. నేను అతణ్ణి లెక్కలో వేసుకోలేదు, అంతే. మన వంతులో మనం ఏం చేయగలమో చూడటం అందరికీ తెలిసిన పనే. మనం వంతు ముగించాక అవతలివాడు ఏం చేయగలడో ముందుగా లెక్కపెట్టడం నేర్వవలసిన విద్య, ఈ పాఠం దాని గురించే.

ఇక్కడ వాడే అంకెలన్నీ గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ ఆటలవి, ముఖ్యంగా 2004లో జపాన్‌లోనూ, 2005లో బయటి దేశాల్లోనూ విడుదలైన ది సేక్రెడ్ స్టోన్స్‌వి. ఈ ధారావాహిక 1990లో ఫామికామ్ అనే నింటెండో ఇంటి ఆటల యంత్రం మీద మొదలైనా, జపాన్ బయట తొలిసారి 2003లో ఈ చేతి యంత్రం మీదనే అడుగుపెట్టింది. నింటెండో స్విచ్ మీది కొత్త ఆటల్లో అంకెలు మారాయి గానీ లెక్కపెట్టే పద్ధతి మారలేదు. ఈ పద్ధతిని నేర్చుకోవడానికి పాత ఆటే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే అందులో అంకెలు చిన్నవి, నోటిలెక్కకు లొంగుతాయి.

ముందుగా తెర సంగతి చూద్దాం. గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర వెడల్పు 240 చుక్కలు (పిక్సెళ్లు), ఎత్తు 160 చుక్కలు. యుద్ధరంగంలో ఒక్కో గడి 16 చుక్కల చదరం కాబట్టి ఒకేసారి మనకు కనబడేది అడ్డంగా 15 గడులు, నిలువుగా 10 గడులు మాత్రమే. (2001లో వచ్చిన మొదటి నమూనా తెరకు సొంత వెలుగు లేదు, ఎండలో కూర్చుంటేనే బొమ్మ కనబడేది. ఆ ఒక్క విషయంలో కడపవాళ్లకు ఏ లోటూ రాలేదు.) గుర్రపురౌతు ఒక వంతులో 7 గడులు నడుస్తాడు. అతని చేతిలో విసిరే ఈటె ఉంటే మరో 2 గడుల దూరం దాకా దెబ్బ తీయగలడు. అంటే అతని చేయి 9 గడులు సాగుతుంది. మన మనిషి తెర మధ్యలో ఉంటే పైకైనా కిందికైనా కనబడేది నాలుగైదు గడులే కాబట్టి, మనల్ని కొట్టగలిగినవాడు తెర బయట నిలబడి ఉండటం వింత కాదు. అందువల్ల వంతు ముగించే ముందు కర్సర్‌ను యుద్ధరంగం నాలుగు మూలలకూ తిప్పి రావాలి. శత్రువు మీద కర్సర్ ఉంచి A బటన్ నొక్కితే అతను నడవగల గడులూ, కొట్టగల గడులూ రంగుల్లో కనబడతాయి. R బటన్ నొక్కితే అతని ఆయుధం, బలం, వేగం వంటి వివరాలన్నీ తెరుచుకుంటాయి. ఈ రెండు బటన్లను బద్ధకించకుండా వాడేవాడు సగం నేర్చినట్టే.

రంగులు చూపిస్తున్నప్పుడు లెక్క ఎందుకని మీరు అడగవచ్చు. రంగులు ఒక్కొక్క శత్రువుకే విడివిడిగా కనబడతాయి, ముగ్గురి పరిధులు ఎక్కడ కలుస్తున్నాయో మనసులోనే పేర్చుకోవాలి. దానికి సూత్రం సులువు. ఐమూలగా నడక లేదు కాబట్టి, అడ్డంగా ఎన్ని గడులో నిలువుగా ఎన్ని గడులో కలిపితే వచ్చేదే దూరం. కాలినడక సైనికుడికి 5 గడుల నడక, గుర్రానికి 7, బరువైన కవచం తొడిగినవాడికి 4. అడవి గడి దాటడానికి కాలినడకవాడికి 2 అడుగులు, గుర్రానికి 3 అడుగులు ఖర్చవుతాయి. రెక్కల గుర్రానికి మాత్రం అడవైనా, నీళ్లైనా, కొండైనా ఒకటే అడుగు. నడకకు ఆయుధం అందే దూరాన్ని కలపండి: కత్తికి, గొడ్డలికి, ఈటెకు 1, విసిరే ఈటెకు 1 లేదా 2, విల్లుకు సరిగ్గా 2. పక్క గడిలో ఉన్నవాణ్ణి విలుకాడు కొట్టలేడు, తిరిగి దెబ్బ తీయనూ లేడు. ఈ కారణంగా మన విలుకాణ్ణి ముందు వరసలో వదిలిపెట్టడం అతన్ని ఊరికే అప్పగించడమే అవుతుంది.

మన పక్క గుడి మండపాల్లో బండల మీద గీసిన పులి–మేక గళ్లు చూసినవారికి, చింతపిక్కలతో ఆడినవారికి ఈ ఆలోచన కొత్త కాదు. అందులో 3 పులులు, 15 మేకలు. మేక వెనుక బిందువు ఖాళీగా ఉంటేనే పులి దాన్ని దూకి చంపగలదు. అందుకే మేకలు ఆడేవాడు తన పావును పెట్టేముందు పులి ఎక్కడికి దూకుతుందో చూస్తాడు. ఇక్కడా అదే చూపు కావాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మన కత్తివీరుడికి ప్రాణం 20, బలం 6, నేర్పు 8, వేగం 9, అదృష్టం 4, రక్షణ 5. చేతిలో ఇనుప కత్తి: దెబ్బ 5, తగిలే గుణం 90. ఎదుట ముగ్గురు గొడ్డలి దొంగలు, ముగ్గురూ ఒక్కలాంటివారే: ప్రాణం 22, బలం 5, నేర్పు 2, వేగం 3, అదృష్టం 0, రక్షణ 3. వారి చేతిలో ఇనుప గొడ్డలి: దెబ్బ 8, తగిలే గుణం 75. కత్తి గొడ్డలిని గెలుస్తుంది, గొడ్డలి ఈటెను, ఈటె కత్తిని గెలుస్తాయి. గెలిచే ఆయుధానికి దెబ్బలో 1, తగిలే శాతంలో 15 పెరుగుతాయి, ఓడేదానికి అంతే తరుగుతాయి.

దొంగ మనల్ని కొడితే పడే దెబ్బ: బలం 5, గొడ్డలి 8 కలిపి 13, ఆయుధం ఓడేది కాబట్టి 12, మన రక్షణ 5 తీసివేస్తే 7. మైదానంలో నిలబడితే ముగ్గురూ తలా ఒక దెబ్బ కొట్టి, మూడూ తగిలితే 21. మన ప్రాణం 20. అంటే చావు. అదే మనిషిని ఒక్క గడి పక్కకు జరిపి అడవిలో నిలబెట్టండి. అడవి రక్షణకు 1 కలుపుతుంది, ఒక్కో దెబ్బ 6 అవుతుంది, మూడూ తగిలినా 18. మనవాడు 2 ప్రాణంతో బతికి బట్టకడతాడు. ఇక్కడ అదృష్టంతో పని లేదన్నది గమనించండి. తగిలే శాతం ఎంతైనా కానివ్వండి, అన్నీ తగిలినట్టే లెక్కవేసి, అప్పటికీ బతుకుతాడంటేనే మనిషిని ఆ గడిలో వదలాలి. మూడింతలు తగిలే కీలక దెబ్బ ఒకటి మిగిలి ఉంటుంది. అది కొట్టేవాడి నేర్పులో సగానికి ఆయుధానికి విడిగా ఉండే కీలక దెబ్బ గుణం కలిపి, మన అదృష్టాన్ని తీసివేస్తే వచ్చే శాతం. దొంగకు 1, ఇనుప గొడ్డలికి 0, మన అదృష్టం 4 కాబట్టి ఇక్కడ ఆ భయం లేదు.

శాతాలు కూడా చూద్దాం, ఎందుకంటే వాటిలో ఒక గమ్మత్తు ఉంది. దొంగ తగిలే శాతం: గొడ్డలి 75, నేర్పుకు రెట్టింపు 4, ఆయుధం ఓడినందుకు 15 తగ్గి 64. మనం తప్పించుకునే శక్తి: వేగానికి రెట్టింపు 18, అదృష్టం 4 కలిపి 22. మిగిలింది 42. అడవిలో తప్పించుకునే శక్తి మరో 20 పెరుగుతుంది కాబట్టి 22 శాతం. తెర మీద కనబడే అంకెలు ఇవే. కానీ ఈ యంత్రం ఆ అంకెను ఉన్నదున్నట్టు వాడదు. 0 నుంచి 99 వరకు రెండు సంఖ్యలు తీసి, వాటి సగటు తెర మీది అంకె కన్నా తక్కువైతేనే దెబ్బ తగిలిందంటుంది. దీని ఫలితంగా 50కి పైనున్న శాతాలు నిజానికి ఇంకా ఎక్కువ, 50కి కిందివి ఇంకా తక్కువ. తెర మీది 90 అసలు 98, 80 అసలు 92. మన ఉదాహరణలో మైదానపు 42 అసలు సుమారు 36. అడవిలోని 22 అసలు 10 కూడా లేదు. తెర మీద సగానికి తగ్గినట్టు కనబడే ప్రమాదం నిజానికి మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. ఒక్క గడి జరిగినందుకు దక్కిన లాభం ఇది.

లాభం అక్కడితో ఆగదు. శత్రువు కొట్టినప్పుడు మనవాడు ఊరికే ఉండడు, ఆయుధం అందితే తిరిగి కొడతాడు. మన బలం 6, కత్తి 5, గెలిచే ఆయుధం కాబట్టి 1, మొత్తం 12; దొంగ మైదానంలో ఉంటే రక్షణ 3 పోను 9. వేగంలో 4 లేదా అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే రెండుసార్లు కొట్టవచ్చు. 9కీ 3కీ తేడా 6. కాబట్టి ఒక్కో దొంగకు 18 తగులుతుంది. తగిలే శాతం లెక్క మీరే వేయండి, 100 దాటుతుంది. అంటే శత్రువు వంతు ముగిసేసరికి మనం వేలు కదపకుండానే ముగ్గురు దొంగలూ తలా 4 ప్రాణంతో మిగులుతారు. మన వంతులో వాళ్లను ముగించడానికి ఎవరు చాలరు? బలహీనులకు ఆ ముగ్గురినీ పంచిపెడితే అనుభవం వాళ్లకు వస్తుంది, 100 అనుభవానికి ఒక లెవెల్ చొప్పున వాళ్లూ ఎదుగుతారు.

అయితే ఆ ముగ్గురే రావాలి, వారి వెనుక ఉన్న ఈటెవాళ్లు రాకూడదు. చాలామంది శత్రువులు మనం వారి పరిధిలోకి వచ్చేదాకా కదలరు. కొందరు మొదటి వంతునుంచే నేరుగా వస్తారు. ఒకటి రెండు వంతులు దూరంగా ఆగి చూస్తే ఎవరు ఏ రకమో తెలిసిపోతుంది. కదలనివారి పరిధి అంచున ఒకే ఒక్క గడిలో మన గట్టివాణ్ణి ఎరగా నిలిపి, మిగతావారందరినీ ఆ పరిధి బయట ఉంచాలి. ఎరకు అందుబాటులో ఇంకొకరు ఉంటే శత్రువు సాధారణంగా చంపగలిగినవాణ్ణి, లేకపోతే ఎక్కువ దెబ్బ తగిలేవాణ్ణి ఎంచుకుంటాడు కాబట్టి, వైద్యురాలు పరిధిలో ఉండగా కత్తివీరుడు ఎర కాలేడు. ఎరగా వెళ్లేవాడి చేతిలో ఏ ఆయుధం ఉందో వంతు ముగించే ముందు మరొక్కసారి చూసుకోండి. విల్లు పట్టుకొని గొడ్డళ్ల మధ్య నిలబడినవారిని నేను కొందరిని ఎరుగుదును, వారిలో నేనూ ఒకణ్ణి.

ఇక ఇరుకు దారి. గండికోట చూసినవారికి తెలుసు, ఒక వైపు పెన్నా లోయ, మిగతా వైపుల గోడలు, లోపలికి వెళ్లాలంటే మలుపులు తిరిగే ద్వారం. బయట ఎంత సైన్యమున్నా ద్వారంలో పట్టేది కొద్దిమందే. ఆటలోనూ ఇదే పని చేస్తుంది గానీ, చాలామంది ద్వారానికి ఒక గడి ముందు నిలబడి దాన్ని పాడుచేసుకుంటారు. ఒక గడి వెడల్పు దారిని ఊహించండి. దారి బయట, దాని నోటికి ఎదురుగా నిలబడితే పక్క గడులనుంచి ముగ్గురు, రెండు గడుల దూరంనుంచి ఐదుగురు, మొత్తం ఎనిమిదిమంది మనల్ని కొట్టగలరు. ఒక గడి వెనక్కి, సరిగ్గా దారి నోటిలో నిలబడితే దగ్గరనుంచి ఒక్కడు, దూరంనుంచి ముగ్గురు, మొత్తం నలుగురు. మరో గడి లోపలికి వెళితే దగ్గర ఒక్కడు, దూరం ఒక్కడు, ఇద్దరే. రెండడుగులు వెనక్కి వేస్తే ఎనిమిదిమంది ఇద్దరయ్యారు. గళ్ల కాగితం మీద గీసి చూడండి, కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. దారికి రెండో వైపు తెరిచి ఉందేమో మాత్రం మరవకండి, దొంగలు అటునుంచీ చుట్టి వస్తారు.

ఈ వారానికి అభ్యాసం. రెండు వైపులా గోడలున్న ఒక గడి వెడల్పు సందు ఉంది. ఒక చివర విసిరే ఈటె పట్టిన గుర్రపురౌతు నిలబడ్డాడు. అతని ముందున్న గడులకు 1, 2, 3 అని వరుసగా అంకెలు వేయండి. వాటిలో 3, 4 అడవి గడులు, మిగతావి మైదానం. మీ వైద్యురాలు ఏ గడిలో నిలబడితే ఈ వంతుకు క్షేమం? అందులో వీలైనంత దగ్గరి గడి ఏది? అదే రౌతుకు గుర్రం బదులు 7 గడులు నడిచే రెక్కల గుర్రం ఉంటే మీ జవాబు ఎలా మారుతుంది? కాగితం మీద తేల్చుకున్నాకే యంత్రం తెరవండి. జవాబులను 4వ పాఠం మొదట్లో సరిచూసుకుని, ఇనుప కత్తి 46 దెబ్బలకు ఎందుకు అరిగిపోతుందో, ఆ అరుగుదలను డబ్బుతో ఎలా తూచాలో అక్కడినుంచి మొదలుపెడదాం.