ఆఫ్ బటన్ ఉన్న హెడ్‌ఫోన్లే కొనండి
వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొనేటప్పుడు ధ్వని నాణ్యత, బ్యాటరీ గంటలు అందరూ చూస్తారు. పవర్ బటన్ ఉందో లేదో కూడా చూడండి. 2020లో వచ్చిన యాపిల్ కంపెనీ హెడ్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌కు ఆ బటనే లేదు. దాని కవర్‌లో పెడితే తక్కువ విద్యుత్తు వాడే స్థితిలోకి వెళ్తుంది, బయట వదిలేస్తే కదలకుండా ఉన్న 5 నిమిషాలకు వెళ్తుంది. అంత ఖరీదైన వస్తువుకు ఒక బటన్ పెట్టడానికి ఏమి అడ్డమొచ్చిందో!

చెవుల్లో పెట్టుకునే చిన్నవాటికి బటన్ అక్కర్లేదు. డబ్బాలో పెట్టగానే అవే ఆగిపోతాయి. తలకు పెట్టుకునే పెద్దవాటి సంగతి వేరు. చాలా మోడళ్లలో దానంతట అది ఆగిపోయే సదుపాయం బ్లూటూత్ బంధం తెగాకే పనిచేస్తుంది. ఫోను పక్కనే ఉంటే బంధం తెగదు, ఛార్జింగ్ కరుగుతూనే ఉంటుంది. పైగా ఫోను ఎత్తి మాట్లాడితే అవతలివారి గొంతు మీ చెవికి కాక బీరువాలో పెట్టిన హెడ్‌ఫోన్లకు వెళ్లవచ్చు. బటన్ లేకపోతే, పక్కన పెట్టే ముందు ఫోనులో బ్లూటూత్ ఆపేయండి.

బటన్ ఉన్నా నొక్కి పట్టుకునే రకం సంచిలో ఒత్తిడికి ఆన్ కావచ్చు. పక్కకు జరిపే స్విచ్ దొరికితే అదే నయం. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో ఆపి దాచండి.