రూపాయి రేటు వివాదాన్ని చదవడం ఎలా: 1893 నుంచి 1931 వరకు

బంగారు ప్రమాణం (డబ్బు విలువను బంగారంతో ముడిపెట్టే ఏర్పాటు) నాటి భారత ద్రవ్య విధానాన్ని, రూపాయి విలువ ఎన్ని బ్రిటిష్ పెన్నీలుగా ఉండాలన్న వివాదాన్ని అర్థం చేసుకోదలచినవారు చాలామంది నేరుగా కమిషన్ నివేదికలు తెరిచి, వాటిలోని వాదనల మధ్య దారి తప్పుతారు. అంతకంటే ముందు అణా పైసల్లో లెక్క వేసుకోవడం మేలు. ఎవరి చేతికి ఎంత వస్తుందో, ఎవరి చేతినుంచి ఎంత పోతుందో తేలిన తరువాత ఎవరు ఎందుకలా వాదించారో దానంతటదే బోధపడుతుంది.

అప్పట్లో బ్రిటిష్ పౌనుకు 240 పెన్నీలు, షిల్లింగుకు 12 పెన్నీలు. రూపాయి విలువ 16 పెన్నీలైతే, అంటే 1 షిల్లింగు 4 పెన్నీలైతే, పౌనుకు 15 రూపాయలు. 18 పెన్నీలైతే పౌనుకు రూ. 13-5-4 (13 రూపాయల 5 అణాల 4 పైలు) మాత్రమే. 1926లో భారత ద్రవ్య వ్యవస్థను పరిశీలించిన హిల్టన్ యంగ్ కమిషన్ రెండో రేటును సిఫారసు చేయగా, దాని సభ్యుడైన బొంబాయి వ్యాపారి పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ మొదటి రేటే ఉండాలని అసమ్మతి పత్రం రాశారు.

ఇప్పుడు రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ ప్రాంతంలో 30 రూపాయల శిస్తు కట్టవలసిన ఒక రైతును ఊహించుకోండి. విదేశీ ధర మారలేదనుకుంటే, పాత రేటులో రెండు పౌన్ల విలువైన వేరుసెనగ అమ్మితే ఆ శిస్తు తీరుతుంది. కొత్త రేటులో రెండుంబావు పౌన్ల సరుకు అమ్మాలి. శిస్తు రూపాయల్లో ఏళ్ల తరబడి స్థిరంగా ఉంటుంది, షావుకారు పత్రంలోని అప్పూ రూపాయల్లోనే ఉంటుంది, కాబట్టి పంట ధర తగ్గినంత మేరా భారం పెరుగుతుంది. అదే సమయంలో లండన్‌కు హోమ్ చార్జీలు (పింఛన్లు, అప్పుపై వడ్డీ వంటి అక్కడి ఖర్చులు) పంపే ప్రభుత్వానికి పది లక్షల పౌన్లకు 150 లక్షల రూపాయలు కావలసిన చోట సుమారు 133 లక్షలు సరిపోతాయి. ఇంగ్లండులోని లాంకషైర్ బట్ట ఇక్కడ చౌకవుతుంది గనుక బొంబాయి మిల్లు యజమానులకు అది నష్టం. దీన్నంతా తెల్లవారికీ భారతీయులకూ మధ్య తగాదాగా మాత్రమే చదవకూడదు, ఎందుకంటే నెలజీతం మీద బతికే భారతీయ ఉద్యోగికి బలమైన రూపాయి లాభమే. మిల్లు యజమాని, రైతు ఒకే పక్షాన నిలిచారు గాని, వారి ప్రయోజనాలు ఒకటి కావు.

లెక్క అయ్యాక తేదీలు చూడండి. 1893లో, ఎవరైనా వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకునే స్వేచ్ఛా ముద్రణకు టంకశాలలను మూసివేశారు. 1899లో ఒక పౌను విలువైన బ్రిటిష్ బంగారు నాణెం సవరిన్‌ను 15 రూపాయలకు చట్టబద్ధం చేశారు. అయినా చలామణిలో ఉన్నది ప్రధానంగా వెండి రూపాయి, నోటు మాత్రమే. రేటును నిలిపింది లండన్‌లో అమ్మిన కౌన్సిల్ బిల్లులు (అక్కడ పౌన్లు చెల్లిస్తే ఇక్కడ రూపాయలు ఇచ్చే హుండీలు), అక్కడే ఉంచిన నిల్వలు. కాబట్టి ఏ పత్రంలోనైనా “బంగారు ప్రమాణం” అన్న మాట కనిపిస్తే, రూపాయి ఇచ్చి బంగారం పొందే హక్కు ఎవరికుందో అడగాలి. మరో ముఖ్యమైన తేదీ 1924: కమిషన్ నియామకానికి ముందే, ఆ ఏడాది చివరికల్లా రూపాయి 18 పెన్నీలకు చేరింది, ప్రభుత్వం దాన్ని అక్కడే పట్టి ఉంచింది. ధరలు, కూలిరేట్లు ఆ రేటుకు సర్దుకున్నాయని కమిషన్ అన్నది. సర్దుకోలేదని ఠాకూర్‌దాస్ అన్నారు. ప్రభుత్వం తానే తెచ్చిన స్థితిని ఉన్న స్థితిగా చూపడం రాజకీయమేనని, వివాదపు అసలు కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1927 చట్టంతో 18 పెన్నీలే ఖాయమయ్యాయి.

తెలంగాణ లెక్కలు చూసేవారికి ఒక జాగ్రత్త: నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరే రూపాయి, సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. ఏ రూపాయో తేల్చుకోకుండా అంకెలు పోల్చవద్దు.

చివరగా 1931 సెప్టెంబరు 21 నాటి పత్రాలను పక్కపక్కన పెట్టి చదవండి. బ్రిటన్ బంగారాన్ని వదిలిన ఆ రోజు, బంగారం గానీ స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌను) గానీ అమ్మే బాధ్యత నుంచి తనను తప్పించుకుంటూ భారత ప్రభుత్వం ఆర్డినెన్స్ జారీ చేసింది. అదే రోజు లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వపు భారత వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోర్ రూపాయి స్టెర్లింగ్‌తో ముడిపడే ఉంటుందని ప్రకటించారు. నిలిచింది లండన్ మాటే. ఆ తరువాత రూపాయల్లో బంగారం ధర పెరగడం, పంట ధరలు అప్పటికే కుప్పకూలి ఉండడం కలిసి భారీ బంగారు ఎగుమతులకు దారితీశాయి. అందువల్ల 1931–32 నుంచి వాణిజ్య లెక్కల్లో సరుకుల పట్టికతో పాటు బంగారం పట్టికను కూడా తప్పక చూడాలి.