ముఖం మీద మానని పుండుకు జీడి చమురు పెట్టకండి

ఉద్దానంలో జీడి పిక్కల పనులు మొదలవుతున్నాయి. తలకు గుడ్డ కట్టుకోండి, నీళ్లు తాగండి అని అందరూ చెబుతారు కాబట్టి నేను చెప్పను. ఇచ్ఛాపురం అవతల పల్లె నుంచి ఈ మధ్య వచ్చిన ఒక పెద్దావిడ ముఖం చూశాక ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ముక్కు పక్కన నల్లటి కాయ లేచింది. పులిపిరి అనుకుని పచ్చి జీడి పిక్క తొక్క చమురు అద్దారు. చెక్కు కట్టి రాలింది, మానిందనుకున్నారు. ఇప్పుడు ముక్కు రెక్క సగం లేదు.

అది బేసల్ సెల్ కార్సినోమా. చాలా నెమ్మదిగా పెరిగే చర్మ క్యాన్సర్. ఏళ్ల తరబడి పడిన ఎండే ప్రధాన కారణం. లోపలి అవయవాలకు పాకడం బహు అరుదు. చిన్నగా ఉండగా పూర్తిగా కోసి తీస్తే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. వదిలేస్తే ఉన్నచోటే చర్మాన్ని, మెత్తటి ఎముకను, చివరికి గట్టి ఎముకనూ తొలుచుకుంటూ పోతుంది. మన ఒంటి రంగు మీద తరచుగా పుట్టుమచ్చలా నల్లగా, అంచు కాస్త ఎత్తుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నడుమ చెక్కు కడుతుంది, ముఖం తుడుచుకుంటే రక్తం చెమ్మ, మళ్లీ చెక్కు. సాధారణంగా నొప్పి ఉండదు. మోసం అక్కడే ఉంది.

మాడ్చకండి. జీడి చమురైనా, సున్నమైనా, యాసిడ్ చుక్కైనా అంతే. పైపొర కాలి మచ్చ కడుతుంది, ఆ మచ్చ కింద గడ్డ పెరుగుతూనే ఉంటుంది. తర్వాత దాని అంచు ఎక్కడుందో డాక్టరుకు కూడా తేలిగ్గా తెలియదు. నాలుగు కుట్లతో పోయేది, నుదుటి చర్మం తెచ్చి ముక్కు కట్టేదాకా వెళుతుంది. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని భయపడేవారే యాసిడ్‌కు ముఖం అప్పగిస్తారు! కత్తి వల్ల అది పాకదు.

నాలుగు వారాల్లో మానని పుండును చర్మవైద్యులకు చూపించండి. శ్రీకాకుళం, బరంపురం, విశాఖ, ఏది దగ్గరైతే అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లండి. కంటి కొసన ఉంటే అన్ని వారాలు కూడా ఆగవద్దు.

ముక్క పరీక్షకు పంపకుండా కాల్చేస్తామన్నవారి దగ్గర కూర్చోవద్దు.

చిన్న గడ్డకైతే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి తీస్తారు. అంచుల్లో ఏమైనా మిగిలిందా అని అడగండి. మిగిలిందంటే మళ్లీ కోయించుకోండి.

ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు రేడియేషన్ ఉంది. పైపై రకానికి క్రీము ఉంది, డాక్టరు రాస్తేనే. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు అది కాదు.

రాష్ట్రం దాటేముందు మీ ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో కనుక్కోండి. రిపోర్టులు పారేయకండి.

తగ్గినా ఏటా చూపించుకోండి. ఒకసారి వచ్చినవారికి మరోచోట వచ్చే అవకాశం ఎక్కువ.

మాడ్చకండి. ఇప్పటికే మాడ్చి ఉంటే దాచకండి. ఏది రాశారో, ఎన్నిసార్లు రాశారో డాక్టరుకు చెప్పండి.