టెర్మినల్‌లో అక్షరాలు తారుమారైతే బగ్‌ను రప్పించి పట్టుకోవడం ఎలా

టెర్మినల్‌లో వేగంగా కొడుతుంటే ఎప్పుడో ఒకసారి అక్షరాలు ముందువెనకలవుతున్నాయని ఎవరైనా చెబితే, "నీ వేళ్లు తడబడ్డాయిలే" అని కొట్టిపారేయకండి. బెంగళూరు మారతహళ్లిలో మా టీమ్ అమ్మాయి ఈ ఫిర్యాదు తెచ్చినప్పుడు అందరూ ఇచ్చిన జవాబు అదే. ఆ తర్వాత నెట్ మీదికి తోశారు. అదీ కాదు. టెర్మినల్ నుంచి దూరపు మెషీన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ నడిచేది టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి మీద. టీసీపీ ఆలస్యం చేస్తుందేమో గానీ, బైట్ల వరస మార్చి ఇవ్వదు. ముందు మనం రాసిన టెర్మినల్ ప్రోగ్రామ్ కోడ్‌నే అనుమానించాలి.

వేళ్లను లెక్కలోంచి తీసేయడానికి 0001 నుంచి 9999 దాకా, మధ్యలో ఖాళీలతో ఒక ఫైలు చేసుకోండి. దాదాపు 50,000 బైట్లు వస్తుంది. ఏ ముక్క ఎక్కడికి జారిందో చూడగానే తెలిసిపోతుంది. తెరను మాత్రం నమ్మొద్దు. తెర మీద పడేది ఎకో, అంటే కొట్టినదాన్ని తిరిగి చూపేది, అవతలి ప్రోగ్రామ్‌కు అందిన వరస వేరే అయి ఉండొచ్చు.

ఇలాంటి బగ్ పిలిస్తే రాదు, రప్పించాలి. ఎక్కువసార్లు అది బయటపడేది చదివే ప్రోగ్రామ్ నెమ్మదించినప్పుడే. అందుకని పైథాన్‌లో చిన్న రీడర్ రాయండి: టీటీవైని (ప్రోగ్రామ్‌కు టెర్మినల్ నుంచి అక్షరాలు అందే దారి) రా మోడ్‌లో, అంటే కొట్టింది కొట్టినట్టే అందేలా పెట్టి, ఒక్కోసారి 64 బైట్లే చదివి, ఫైల్లో రాసి, 10 మిల్లీసెకన్లు ఆగాలి. టెర్మినల్‌లో దాన్ని నడిపి నంబర్లన్నీ పేస్ట్ చేయండి. అవి ఇంకా పారుతుండగానే ఎక్స్ కీ నాలుగైదుసార్లు నొక్కండి. ఆ ఎక్స్‌లన్నీ 9999 తర్వాతే ఉండాలి. నంబర్ల మధ్యలో కనిపించాయా, బగ్ మీ చేతికి చిక్కినట్టే.

ఇక ఎక్కడుందో చూడాలి. ప్రోగ్రామ్ కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏమేం అడుగుతోందో చూపించే పనిముట్టు స్ట్రేస్. టెర్మినల్ ప్రాసెస్‌కి దాన్ని తగిలించి రైట్ కాల్స్, అంటే బైట్లు రాయమనే అడుగులు మాత్రమే చూడండి. థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) కూడా కనిపించేలా మైనస్ ఎఫ్ ఆప్షన్ మర్చిపోవద్దు. మాకు కనిపించింది ఇది: 16384 బైట్లు రాయమంటే కెర్నల్ 4095 మాత్రమే తీసుకుంది. మిగిలినవి టెర్మినల్ సొంత క్యూలోకి వెళ్లాయి. ఆ వెంటనే ఒకే ఒక్క బైటు, 78. హెక్స్‌లో అదే చిన్న ఎక్స్. పేస్ట్‌కి ఒక దారి, కీలకు ఇంకో దారి. క్యూలో జనం నిలబడి ఉండగా పక్క కౌంటర్‌లో టికెట్ ఇచ్చేసినట్టు, కీ నేరుగా పీటీవైలోకి (టెర్మినల్ రాసే చివర) దూరిపోయింది. పరిష్కారం కూడా అక్కడే ఉంది: క్యూ ఖాళీగా లేకపోతే ఏ బైటైనా దాని వెనకే చేరాలి, పీటీవైకి రాసేది ఒక్కచోటి నుంచే జరగాలి.

స్ట్రేస్ తగిలిస్తే ప్రోగ్రామ్ నెమ్మదించి, బగ్ మాయమైపోవచ్చు. అప్పుడు సొంత లాగ్ పెట్టుకోండి. కీ వచ్చినచోట, క్యూలో చేరినచోట, రాసినచోట ఒకే వరస నంబరు వెంట ఉండాలి. టైమ్‌స్టాంప్‌తో సరిపెట్టుకోవద్దు. రెండు థ్రెడ్లు దాదాపు ఒకే క్షణంలో లాగ్ రాస్తే దేనిది ముందో అది తేల్చలేదు. ఈ లాగ్‌లు నడుస్తుండగా పాస్‌వర్డ్ మాత్రం కొట్టకండి, అక్షరం అక్షరం అందులో పడుతుంది.

తెలుగు టైప్ చేసేవాళ్ల కోసం ఇంకో పరీక్ష తప్పనిసరిగా చేయండి. కీలను తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్ లాంటి ఇన్‌పుట్ మెథడ్ వేరే ప్రాసెస్. కీ అక్కడికి వెళ్లి, అక్షరం అయ్యాక తిరిగొస్తుంది. ఎంటర్‌ను మాత్రం టెర్మినల్ తనంతట తానే పంపేస్తే, "వద్దు" అనే మాట కంటే ఎంటర్ ముందు చేరుతుంది. ఎంటర్, స్పేస్ సహా కీలన్నీ ఇన్‌పుట్ మెథడ్ గుండానే వెళ్లాలి. ముందు కీకి జవాబు రాకుండా తర్వాతి కీని వదలకూడదు.