పాత హ్యామర్ షాట్‌గన్ మీద వింత నగిషీ: ముందు గొట్టాలు తిరగేసి చూడండి

పాత హ్యామర్ షాట్‌గన్ (బయటికి కనిపించే సుత్తుల్లాంటి హ్యామర్లున్న వేట తుపాకి) దొరకగానే అందరూ పక్కనుండే లోహపు రేకును, అంటే లాక్ ప్లేటును ఫొటో తీస్తారు. వేటకుక్కలు, బాతులు, ఆకుల తీగలు, మధ్యలో ఒక ఇంగ్లిష్ పేరు. ఆ ఫొటో చూసి ఎవరు చేశారో చెప్పమంటే ఎలా చెబుతాం? తుపాకి ఖాళీగా ఉందని నిర్ధారించుకోవడం మీకు తెలిసిన పనే. తర్వాత ఫోరెండ్ (గొట్టాల కింది చెక్క) ఊడదీసి, గొట్టాలు విడదీసి, తిరగేసి, తూటాలు పెట్టే చాంబర్ల కింద చదునుగా ఉండే చోటు చూడండి. జవాబు చాలావరకు అక్కడే ఉంటుంది.

పేరు పెద్దది, పనితనం చిన్నది

నగిషీ గీతల్లో లోతు ఉండదు, తీగలు మధ్యలోనే తెగిపోతాయి, స్క్రూ తలల మీది గాడులు తలో దిక్కు చూస్తుంటాయి. పేరు మాత్రం ఇంగ్లండులోని ఏదో ప్రసిద్ధ సంస్థను గుర్తు చేస్తుంది. ఇలాంటివి ఎక్కువగా బెల్జియంలోని లియేజ్‌లో తయారయ్యాయి. 19వ శతాబ్ది చివర్లో అక్కడి పనివాళ్లు అమెరికా వ్యాపారులు ఏ పేరు అడిగితే ఆ పేరు చెక్కి పంపేవారు. ఇంగ్లండు సంస్థ వెస్ట్లీ రిచర్డ్స్‌కు గిరాకీ ఉండటంతో ‘డబ్ల్యూ. రిచర్డ్స్’ తుపాకులు దిగాయి. చిక్కేమిటంటే, లివర్‌పూల్‌లో రిచర్డ్స్ పేరుతో అసలైన తయారీదారు కూడా ఉండేవాడు. కాబట్టి పేరు చూసి అసలుదని మురిసిపోకూడదు, నకిలీదని పారేయకూడదు.

తీర్పు చెప్పేది పరీక్ష ముద్రలే, అంటే గొట్టాన్ని పేల్చి పరీక్షించాక కొట్టిన గుర్తులు. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఈ, ఎల్, జీ అక్షరాలు, వాటి కింద నక్షత్రం ఉంటే అది లియేజ్ ముద్ర. దాని మీద కిరీటం కూడా ఉంటే 1893కు ముందుది కాదు. గొట్టం లోపలి కొలత మిల్లీమీటర్లలో, అంటే 18.2 లాంటి అంకెతో ఉన్నా బెల్జియం వైపే మొగ్గండి. బర్మింగ్‌హామ్‌దైతే, 1904కు ముందువాటి మీద కిరీటం కింద ఒకదాన్నొకటి దాటే రాజదండాలు కనిపిస్తాయి. లండన్ ముద్రలో కిరీటం కింద జీ, పీ అక్షరాలు పెనవేసుకుని ఉంటాయి. ముద్రలేవీ లేకపోతే అమెరికాలో తయారైనదేమో చూడండి. అక్కడ ఈ పరీక్ష తప్పనిసరి కాదు. మురికి నిండిన గుంటలో ముద్ర సగమే కనిపిస్తుంది. కాస్త నూనె రాసి, మెత్తని బ్రష్‌తో తుడిచి, దీపాన్ని పక్క నుంచి పట్టండి. ఇసుక కాగితం జోలికి మాత్రం వెళ్లకండి.

ముద్రలు చదివాక గొట్టాల మీది, ఫోరెండ్ మీది, ట్రిగ్గర్ గార్డు మీది నంబర్లు కలుస్తున్నాయో చూడండి. కలవకపోతే ఒక తుపాకి గొట్టాలు మరో తుపాకికి తగిలించారన్న మాట. అప్పుడు గొట్టాల ముద్రలు గొట్టాల సంగతే చెబుతాయి.

గొట్టం పైభాగంలో పూడ్చిన గాడి

చాంబర్ వెనక అంచున పైన పూడ్చిన గాడి ఉంటే అది ఒకప్పుడు పిన్‌ఫైర్ తుపాకి (తూటా పక్కనుంచి పొడుచుకొచ్చే పిన్ను మీద కొట్టి పేల్చేది), తర్వాత సెంటర్‌ఫైర్‌గా (తూటా వెనక మధ్యలో కొట్టి పేల్చేది) మార్చారు. సొగసు కోసం చేసిన పని కాదు. పేల్చే ఆలోచన ఉంటే మానుకోండి.

గొట్టం మీద నీటి అలల గీతలు

డమాస్కస్ (ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికించి చేసిన గొట్టం) కావచ్చు, మామూలు ఉక్కు మీద అద్దిన నకలు కావచ్చు. ఫోరెండ్ కింద దాగిన భాగం చూడండి. అక్కడ గీతలు ఉన్నట్టుండి ఆగిపోతే నకలే. మెరుగు పెట్టాలని రుద్దితే అసలుదైనా రంగు పోయి గీతలు మాసిపోతాయి. అసలుదే అయినా, పైకి గట్టిగా కనిపించినా, నిపుణుడు చాంబరు పొడవు కొలిచేదాకా తూటా పెట్టకండి. పాత 12 బోర్ (గొట్టం సైజు) చాంబర్లు చాలావరకు 65 మిల్లీమీటర్లవి. నేటి 70 మిల్లీమీటర్ల తూటా మూసి ఉన్నప్పుడు పొట్టిగా ఉంటుంది కనుక ఇబ్బంది లేకుండా పడుతుంది, పేలి నోరు విచ్చుకున్నాకే ముందుకు సాగి ఒత్తిడి పెంచుతుంది.

రెండు హ్యామర్లు ఒకేలా లేవు

ఒకటి విరిగితే మార్చారు. అంతే.

ఇక జమీందారు ప్రత్యేకంగా చేయించుకున్నదనే కథలకు కాగితం ఉంటేనే విలువ. ముద్రల చోటు ఆకురాయితో అరగదీసినట్టు కనిపిస్తే బేరం ఆడకండి, కొనకండి.